ఎర్రబండికి సరిపడే పంపు

బుధవారం పొద్దున పది కాకముందే ఆ గల్ఫ్ దేశపు ఇండస్ట్రియల్ ఏరియాలో రేకుల షెడ్లన్నీ పెనంలా కాలిపోతున్నాయి. రికవరీ లారీ మీంచి ఎర్రబండిని మెల్లగా కిందికి దించుతుంటే డ్రైవర్ పోశన్న రెండు చేతులూ ముందుకు చాచి దాని పక్కనే నడిచాడు. దాదాపు రెండు టన్నుల ఇనుము జారితే ఆ చేతులు ఆపేదేమీ లేదు. అయినా అలవాటు పడ్డ చేతులు ఊరుకోవు.

"ఏందన్నా గా చేతులు? బండి కిందవడితె ఒళ్ళె వట్టుకుంటవా?" అని షెడ్డు లోపలినుంచి ఆడగొంతు వినిపించింది.

ఆమె మెహర్ సుల్తానా. ఈ షెడ్డు యజమాని గౌస్ మొహియుద్దీన్ భార్య. ఇద్దరిదీ కోరుట్ల. నల్ల బురఖా చేతులు మోచేతుల దాకా మడిచి, కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడేసుకుని, చేతిలో మూరెడు పొడవు స్క్రూడ్రైవర్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆమె వెనకాల గౌస్ భాయ్ చాయ్ తాగుతున్నాడు. భార్య అన్న మాట ఆయనకు వినపడలేదు. ముప్పై అయిదేళ్ళు ఇంజిన్ల పక్కన నిలబడ్డ చెవులు ఆయనవి. ఇప్పుడు పక్కన లారీ హారన్ కొట్టినా తల తిప్పడు.

పదకొండేళ్ళ కింద మెహర్ ఈ షెడ్డుకి అన్నం డబ్బా తెచ్చి ఇచ్చి పోయేది. ఒకరోజు ఆయన బాగు చేశానని చెప్పి పంపబోతున్న బండి దగ్గర ఆగి, "ఎడమ పక్క ఏదో టిక్కు టిక్కుమంటాంది జీ" అన్నది. ఆయనకు అది వినిపించలేదు. విప్పి చూస్తే అరిగిన ముక్క దొరికింది. ఆ మర్నాటినుంచి డబ్బా ఇచ్చి వెళ్ళిపోవడం మానేసింది. చేతులు ఆయనవి, చెవులు ఆమెవి. స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి కళ్ళు మూసుకుంటే ఏ పళ్ళచక్రం అరిగిందో, ఏ వాల్వు బిగుసుకుందో చెప్పేస్తుంది. మొదట్లో ఆ గల్లీలో ఆరు దేశాల మిస్త్రీలు నవ్వారు. ఇప్పుడు మెహర్ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టిందంటే పక్క షెడ్లలో సుత్తెలు కూడా ఆగుతాయి.

పోశన్న ఆ సంగతి విని ఉన్నాడు. అందుకే రికవరీ బండి పెట్టించి, తను పనిచేసే ముఐథర్ నుంచి ఇక్కడికి తెచ్చాడు.

"ఆపా," అన్నాడు అక్కను పిలిచినట్టు, "శుక్రవారం పొద్దుగాల ఈ బండి మదీనత్ అల్ షమాల్ దాకా, నూరు కిలోమీటర్లు, పోవాలె. నడుమ యాడ ఆగొద్దు. ఆగిందంటే అమ్మేస్తరు."

"ఎవలమ్మేస్తరు?"

"మా బాబా బిడ్డ."

నిలబడే, తడబడుతూ చెప్పుకొచ్చాడు. మెట్‌పల్లి దగ్గరి ఊరు తనది. ఇరవై ఏడేళ్ళుగా ముఐథర్‌లో గానిం బాబా ఇంట్లో డ్రైవర్. ఆదివారం విమానానికి పూర్తిగా ఇంటికి వెళ్ళిపోతున్నాడు, ఇక తిరిగి రాడు. ఈ ఎర్రబండి వెయ్యి తొమ్మిదొందల డెబ్బై నాటి అమెరికా బండి. బాబా ఇరవై నాలుగేళ్ళ వయసులో ఓడ మీద తెప్పించుకున్నాడు. ఎనిమిది సిలిండర్లు. స్టార్ట్ చేస్తే మేడ మీద గాజు గ్లాసులు గలగలలాడతాయి. ఇంట్లో దాన్ని 'అల్ హమ్రా' అంటారు, అంటే ఎర్రది అని. బాబాకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. భార్య పోయినప్పటినుంచీ ఆయన పొద్దున్నే లేచి గుమ్మం దాటేది ఆ బండిని గుడ్డతో తుడవడానికే. తుడిచి, లోపల కూర్చుని, అక్కడే చాయ్ తాగుతాడు.

"'నువ్వు నన్ను ఇరవై ఏడేండ్లు తిప్పినవు, పొయ్యే ముందల ఒక్కసారి నేను నిన్ను తిప్పుత' అన్నడు. ఉత్తరం కొసకు, షమాల్ దిక్కు, ఆయన పుట్టిన ఊరు చూపెడతడట. బండి జూన్ల ఓసారి ఆగింది, ఆగస్టుల మళ్ళ ఆగింది. రెండోసారి నలభై నిమిషాలు ఎండల కూసున్నడు. సెలైన్ ఎక్కించిన్రు. ఇంకొక్కసారి ఆగితే శనివారమే, కొంటనంటున్న కువైట్ ఆయనకు ఇచ్చేస్త అన్నది బిడ్డ. ఇస్తే బాబా పొద్దుగాల లేసి ఏం జేస్తడు ఆపా?"

మెహర్ వెనక్కి తిరిగి, "అజీ! బండి కిందికి వోండ్రి!" అని అరిచింది. గౌస్ భాయ్ గ్లాసు కింద పెట్టి చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని వెనక చక్రాల నడుమకు జారిపోయాడు. రెండు నిమిషాలు గడిచాయి. లోపలినుంచి పెద్ద కేక వినిపించింది.

"యా అల్లా! గీ పంపు ఎవడు పెట్టిండు?"

మెహర్ వంగి టార్చి వేసి చూసింది. చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది.

"పోశన్నా, గిది సీలైన్ బీచి దిక్కు ఇసుక దిబ్బల మీద ఎగిరే బండ్లకేసే పంపు. ముసలి బండికి గిది ఎవడు తగిలిచ్చిండు?"

పోశన్న జేబురుమాలుతో బానెట్ తుడవసాగాడు. "ఎవడో... మిస్త్రీ. పేరు ఎర్కలేదు."

"ఏమంటుండు?" అని బండి కిందినుంచి గౌస్ భాయ్ అడిగాడు.

"ఎవడో మిస్త్రీ అంట!" అని మెహర్ అరిచింది.

"వాడు మిస్త్రీ ఎట్లయితడు? ఫైరింజన్ల నీళ్ళు కొట్టేటోడై ఉంటడు!"

"ఈ బండి కార్బరేటర్‌కు ఆరు పౌండ్ల తోపు, అదే ప్రెషర్, చాలు," అని మెహర్ పోశన్న వైపు తిరిగింది. "గా పంపు యాభై పౌండ్లు తోస్తది. పసిపిల్ల నోట్లె బోరుపంపు పెట్టినట్టు. పెట్రోల్ పొంగి ఇంజిన్ల వడ్డది, బండి ఉక్కిరిబిక్కిరై ఆగింది. అంటుకోలేదు, అల్లా దయ. గా పెట్టినోనికి ముక్కు లేదా? వాసన రాలేదా? వాణ్ణి తీస్కరా, ఒక్కసారి మొఖం సూస్త."

పోశన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఒక్కొక్క మాటా తగలాల్సిన చోటే తగిలింది. గౌస్ భాయ్ పంపు విప్పి బయటికి తెచ్చాడు. దానికి పైపు బిగించిన చోట క్లిప్పు లేదు. రాగి తీగ రెండు చుట్లు తిప్పి, మెలిపెట్టి, కొసను లోపలికి మడిచి ఉంది. మెహర్ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కట్టును చూసింది. తర్వాత పోశన్న చేతులకేసి చూసింది.

"మెట్‌పల్లి బస్టాండుల అంబాసిడర్ నడిపినవా అన్నా నువ్వు?"

ఆయన తలెత్తలేదు. "పదేండ్లు."

"గీ కట్టు అంబాసిడర్ డ్రైవర్లే కడతరు. మా నాయినకు గూడ ఓ అంబాసిడర్ ఉండె."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. పోశన్న అక్కడున్న పాత టైరు మీద కూలబడి అంతా చెప్పేశాడు. ఈ బండికి కంపెనీవాడు పెట్టిన పంపు ఇంజిన్ పక్కనే ఉంటుంది. ఇంజిన్ తిరిగితే అదీ కొట్టుకుంటూ వెనక ట్యాంకులోంచి పెట్రోల్ లాగుతుంది. ఎండాకాలం ఇంజిన్ వేడికి పెట్రోల్ పైపులోనే ఉడికి ఆవిరైపోతుంది, పంపు ఆవిరిని లాగలేక వట్టిగా కొట్టుకుంటుంది. అంబాసిడర్‌కూ ఇదే రోగం. అక్కడ డ్రైవర్లందరూ పంపు మీద తడిగుడ్డ చుట్టేవాళ్ళు. పోశన్న ఇక్కడా ఎనిమిదేళ్ళు తడి గోనెపట్టా చుట్టి నెట్టుకొచ్చాడు. ఈ జూన్‌లో ఆ తడి అరగంటలో ఆరిపోయి బండి ఆగింది. ఇక ఈ పంపుతో లాభం లేదనుకున్నాడు. జూలై ఎండలో అంతంత దిబ్బలెక్కే బండ్లకు ఏ పంపు వేస్తారో అది వేస్తే షమాల్ ఒక లెక్కా అనుకున్నాడు. పాత సామాన్ల దుకాణంలో అడిగి, తెచ్చి, తనే బిగించాడు.

"బాబాకు మంచి జేద్దామనే ఆపా. పొయ్యేలోపట బండిని గట్టిగ జేసి పోదామని."

గౌస్ భాయ్ ఏమైందో అర్థం కాక ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. మెహర్ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆయన పోశన్నను ఎగాదిగా చూసి పకపకా నవ్వాడు.

"ఫైరింజన్ డ్రైవర్ సాబ్, చాయ్ తాగు!"

మెహర్ మాత్రం నవ్వలేదు. "బాబాకు చెప్పినవా?"

"లేదు. ఇరవై ఏడేండ్ల పేరు ఆపా. నాలుగు రోజులల్ల పోతున్న. గీ ఒక్కటి చెప్పి..."

"అందరు బండిని ముసల్దయింది అంటున్నరు గద. అది నోరు తెరిచి నాది తప్పు గాదని చెప్పుకోదు." ఇంతే అని లోపలికి పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో మూడు పంపులున్నాయి. బల్ల మీద పాత తువ్వాలు పరిచి మూడింటినీ వరసగా పెట్టింది. ఒకటి ఇంజిన్‌కు బిగించే పాత కాలపు పంపే, కొత్తది. రెండోది రేసు బండ్లకు వేసేది, మెరిసిపోతూ ముంజేయంత ఉంది. మూడోది పిడికిలంత చిన్న కరెంటు పంపు. పోశన్న చెయ్యి తనకు తెలియకుండానే రెండోదాని వైపు పోయింది. మెహర్ ఆ చేతి మీద స్క్రూడ్రైవర్ పిడితో చిన్న దెబ్బ వేసింది.

"మళ్ళ పెద్దదే కావాలె నీకు!"

గౌస్ భాయ్ మొదటిదాన్ని ఎత్తి పట్టుకున్నాడు. "బండి పుట్టినప్పుడు ఏది ఉండెనో గదే ఉండాలె. వేడి తగలకుండ నడుమ చెక్క ముక్క పెడత."

"దానికి పైన తడిగుడ్డ ఎవలు చుడతరు జీ?" అని ఆమె ఆయన చెవిలో అరిచింది. తర్వాత పోశన్నను అడగడం మొదలుపెట్టింది. బాబా ఎంత దూరం పోతాడు? రోజూ తీస్తాడా, వారానికొకసారా? మధ్యలో ఇంజిన్ ఆపుతాడా, ఆపి ఎంతసేపటికి మళ్ళీ తీస్తాడు? పోశన్న ప్రతిదానికీ టక్కున జవాబు చెప్పాడు. బాబా ఏ మలుపు దగ్గర కాలు ఎత్తుతాడో కూడా చెప్పాడు. ఆఖరుకు ఆమె అడిగింది.

"నువ్వు పోయినంక బండిని ఎవలు సూస్తరు?"

పోశన్న తువ్వాలు కొస మడిచాడు. "కొత్త డ్రైవర్ కెన్యా నుంచి వస్తడట. మంచోడే కావొచ్చు."

"వానికి తడిగుడ్డ ఎర్కలేదు. ఏ వాసనొస్తే ఆపాలెనో, ఏ చప్పుడొస్తే బానెట్ లేపాలెనో ఎర్కలేదు. అంతేగద?"

"అంతే."

"మరి పంపు నీకోసమా, నువ్వు లేనప్పటికోసమా?"

పోశన్న బల్ల వైపు చూశాడు. ఇంతసేపూ శుక్రవారం ఒక్కటే ఆయన కళ్ళ ముందు ఉంది. ఆ తర్వాత వచ్చే శుక్రవారం, దాని తర్వాతది, తను మెట్‌పల్లిలో ఉండగా ఈ బండి ఎక్కడో ఎండలో నిలబడి ఉండటం, పక్కన ఏం చెయ్యాలో తెలియని కొత్త మనిషి చేతులు నలుపుకుంటూ ఉండటం, ఇప్పుడు కనపడ్డాయి.

మెహర్ మూడోదాన్ని ముందుకు తోసింది. "ఇది ట్యాంకు పక్కన, కింద, చల్లగ కూసుంటది. లాగదు, తోస్తది. తోసే పెట్రోల్ అంత తొందరగ ఉడకదు. ఆరు పౌండ్ల కన్న ఎక్కువ తొయ్యదు. మిగిలింది మళ్ళ ట్యాంకులకు పొయ్యేటట్టు ఇంకో సన్న పైపు ఏద్దాం, ఆవిరి పుట్టినా అండ్లకే పోతది. ఇంజిన్ ఆగితే పంపు గూడ ఆగేటట్టు స్విచ్చి పెడదాం. ఎవ్వలు ఏమి సూసుకోనక్కరలేదు. తాళం తిప్పుడు, పోవుడు."

గౌస్ భాయ్ పెదాల కదలికను బట్టి అంతా గ్రహించి, తన చేతిలోని పంపును మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. "ఈమె చెప్పినంక నేను చెప్పేదేముంది," అని గొణుక్కుంటూ పానాలు ఏరుకోవడానికి పోయాడు.

"ఆపా, కరెంటు పంపు గుయ్యిమంటది గద?" అని పోశన్న భయపడుతూ అడిగాడు. "బాబాకు ఆ బండి చప్పుడంటే పాణం. అండ్ల ఇంకేదన్న కలిస్తే..."

ఆ మాటకు మెహర్ మొహం వెలిగింది. ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్ళు ఆమెకు అరుదుగా దొరుకుతారు. లోపలినుంచి అలాంటివే ఇంకో రెండు డబ్బాలు తెచ్చింది. ఒకే కంపెనీ, ఒకే నంబరు, మూడూ చూడటానికి కవలల్లా ఉన్నాయి. గౌస్ భాయ్ ఒక్కొక్కదాన్నీ బ్యాటరీకి తగిలించి, పెట్రోల్ డబ్బాలో పైపు ముంచి తిప్పాడు. మెహర్ స్క్రూడ్రైవర్ ఆనించి కళ్ళు మూసుకుంది. షెడ్డు నిశ్శబ్దమైపోయింది. గోడ అవతల రేకు గీకుతున్న మనిషి కూడా ఆపేశాడు.

మొదటిదాన్ని పక్కకు నెట్టింది. "లోపట ఏదో రాసుకుంటాంది. ఆర్నెల్లు నడిచి ఏడో నెల ఆగుతది." పోశన్నకు దానికీ మిగతావాటికీ ఏ తేడా తెలియలేదు. రెండోదాన్ని చాలాసేపు విన్నది, పెదవి విరిచింది. మూడోది పెట్టగానే ఆమె భుజాలు కిందికి దిగాయి. పిల్ల నిద్రపోయిందని తెలుసుకున్న తల్లి భుజాలు అలా దిగుతాయి.

"గిది," అన్నది.

పోశన్న తన జీవితంలో డాక్టర్లను చూశాడు, ఇంజినీర్లను ఎక్కించుకుని తిప్పాడు, పెద్ద పెద్ద షేకులకు తలుపు తీశాడు. ఒక మనిషికి తన పని ఇంతగా తెలిసి ఉండటం ఎక్కడా చూడలేదు. చేతులు జోడించబోయి, ఆమె నవ్వుతుందేమోనని తల గోక్కున్నాడు.

ఆ సాయంత్రానికి పంపు రబ్బరు దిమ్మల మీద కూర్చుంది. గురువారం మిట్టమధ్యాహ్నం బండిని ఎండలో నిలబెట్టి, బానెట్ మూసి, గంటసేపు ఇంజిన్ తిప్పారు. డాష్‌బోర్డు కింద కొత్తగా బిగించిన మీటరులో తోపు చూపించే ముల్లు ఆరు దగ్గర కదలకుండా నిలిచింది. పోశన్న మొహం విప్పారింది.

"ఆగు," అన్నది మెహర్. "నడుస్తున్నప్పుడు గాదు. ఆపినంక సూడాలె. ఆపితే ఫ్యాను తిరగదు, వేడంత లోపట్నే ఉంటది. ఇరవై నిమిషాలకు ఇంజిన్ నడిచినప్పటికన్న ఎక్కువ మండుతది. అప్పుడు తాళం తిప్పితే అందుకోవాలె."

ఇరవై నిమిషాలయ్యాక తాళం తిప్పారు. బండి మూలిగింది, మూలిగింది, ఇంకా మూలిగింది. చాలాసేపటికి దగ్గి అందుకుంది. మెహర్ తల అడ్డంగా ఊపింది. గౌస్ భాయ్ కిందికి పోయి, సైలెన్సర్ గొట్టం పక్కనుంచి పోతున్న పైపును విప్పి, జానెడు దూరం జరిపి, వేడి తగలకుండా తొడుగు తొడిగాడు. అది పూర్తయ్యేసరికి పొద్దు వాలిపోయింది, ఎండ లేదు. ఎండ లేకుండా పరీక్షకు అర్థం లేదు.

"రేపు రోడ్డు మీదనే తెలుస్తది," అన్నాడు గౌస్ భాయ్. పోశన్న చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. "మెట్‌పల్లిల కలుద్దాం. మేం గూడ వచ్చే ఏడు వస్తం."

అందరూ అలాగే అంటారు. పోశన్న కూడా ఇన్నేళ్ళూ అలాగే అన్నాడు. మెహర్ బండి తలుపు దాకా వచ్చి, "బాబాకు చెప్పు," అని మాత్రం అన్నది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి గానిం బాబా ఇస్త్రీ చేసిన తెల్లటి పొడుగాటి తోబ్ తొడుక్కుని, కుడి చేత్తో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. పక్క సీట్లో పోశన్న మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని ఒదిగి కూర్చున్నాడు. వెనక తెల్ల లాండ్ క్రూయిజర్‌లో బాబా కూతురు సబ్రీన్. ఆమెకు ఇప్పుడు ముప్పై ఆరు, ఒక బడికి ప్రిన్సిపాల్. తొమ్మిదేళ్ళప్పటినుంచీ ఆమెను బడికి తిప్పింది పోశన్నే.

"యల్లా, బోషన్!" అన్నాడు బాబా, పద అన్నట్టు. 'ప' ఆయన నోట పలకదు. ఈ ఇరవై ఏడేళ్ళూ పోశన్న ఈ దేశంలో బోషనే. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది సగం అరబ్బీ, సగం హిందీ, ఇంకెవరికీ పూర్తిగా అర్థం కాని భాష.

బండి ఊళ్ళోంచి బయటపడి షమాల్ రోడ్డెక్కింది. ఎనిమిది సిలిండర్లూ ఒకే గొంతుతో పలుకుతున్నాయి. అందులో ఇంకే చప్పుడూ లేదు. బాబా చెవి ఒగ్గి విని, తృప్తిగా తలాడించాడు. పోశన్న మాత్రం ముల్లు మీంచి కళ్ళు తీయలేదు. పొద్దెక్కేకొద్దీ రోడ్డు మీద నీళ్ళు నిలిచినట్టు ఎండమావి తళతళలాడింది. అల్ ఖోర్ మలుపు దగ్గరికి వస్తుంటే పోశన్న సీటు అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఆగస్టులో ఆగింది ఇక్కడే. మలుపు దాటింది. బండి ఆగలేదు.

"ముసలిదైనా ఈ రోజు మంచి బుద్ధిగా ఉంది," అని బాబా నవ్వాడు.

పోశన్న ఇక ఓర్చుకోలేకపోయాడు. "బాబా, ఆగస్టులో అది ముసలిదై ఆగలేదు. దానికి తప్పు పంపు పెట్టింది నేనే. ఎవరికీ చెప్పలేదు."

బాబా కాలు యాక్సిలరేటర్ మీంచి లేచింది. నూరు మీదున్న బండి ఎనభైకి, అరవైకి పడింది. వెనకనుంచి సబ్రీన్ కంగారుగా లైట్లు కొట్టింది.

"నాకు సూది గుచ్చారు. దానికి నేనేమీ అనను," అన్నాడు బాబా. స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు. "కానీ దాన్ని అన్నారు. నా కూతురు అన్నది. డాక్టరు అన్నాడు. నేనూ అన్నాను. యాభై ఏళ్ళు నన్ను మోసిన బండిని పనికిరానిదన్నాను. నువ్వు పక్కనే నిలబడి విన్నావు."

"విన్నాను బాబా."

"సబ్రీన్‌కు నువ్వే చెప్పు. నేను చెప్పను."

కాలు మళ్ళీ కిందికి దిగింది.

మదీనత్ అల్ షమాల్ దాటి, తారు అయిపోయి, మట్టిదారి మీద సముద్రం దాకా పోయి బాబా ఇంజిన్ ఆపాడు. అక్కడ ఊరంటూ లేదు. ఇసుక రంగు గోడలు, కప్పుల్లేని గదులు, ఒక చిన్న మసీదు మొండిగోడలు. ఎండ అప్పటికే మండిపోతోంది. పోశన్న చేయి పట్టి దింపబోతే బాబా విదిలించుకుని తనే దిగాడు. నాలుగడుగులు వేసి అడుగు తడబడితే ఆ చేతినే పట్టుకున్నాడు, కానీ మొహం చూడలేదు.

"ఇది మా గది," అని ఒక గోడ చూపించాడు. "నాకు పదకొండేళ్ళు. మంచినీళ్ళు లేవని, పని లేదని ఒకే నెలలో ఊరంతా లేచిపోయింది. మా అమ్మ తలుపుకు తాళం వేసి, మర్నాడు వచ్చేవాళ్ళం కదా అన్నట్టు ఇల్లు ఊడ్చి వెళ్ళింది."

పోశన్నకు తన ఇంటి గుమ్మంలో నిలబడ్డ భార్య పోచవ్వ గుర్తొచ్చింది. సెలవుకు వచ్చి దుబాయ్ పోతున్న మొగుణ్ణి ప్రతిసారీ అలాగే సాగనంపేది, రేపే వస్తాడన్నట్టు. ఇది వేరే దేశమైనా, ఇన్నేళ్ళకీ ఆమెకు దుబాయే. అంతలో సబ్రీన్ బండి దిగి వచ్చింది. ఇక దాటవేయడానికి చోటు లేదు. గోడ నీడలో నిలబడి ఆమెకూ చెప్పాడు. దిబ్బల బండ్ల పంపు, రాగి తీగ, దాచిన మాట, అంతా.

సబ్రీన్ చేతులు కట్టుకుని విన్నది. "ఆగస్టులో ఆయన పెదాలు నల్లబడ్డాయి బోషన్. నువ్వు చూశావు."

"చూశాను."

"నేను ఆ బండిని ఎప్పుడూ నమ్మలేదు. నిన్ను నమ్మాను." ఆమె ఎర్రబండి వైపు తిరిగింది. "బాబాను స్టార్ట్ చెయ్యమను."

ఆపి ఇరవై నిమిషాలు దాటింది. పోశన్న బానెట్ మీద అరచెయ్యి వేసి, చురుక్కుమంటే వెనక్కి తీసుకున్నాడు. లోపల వేడంతా మూతపెట్టిన కుండలోలా కూర్చుని ఉంది. మెహర్ ఆపా చెప్పిన గడియ ఇదే. బాబా ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. బండి మూలిగింది. అందుకోలేదు. ఆయన ఆపాడు. పోశన్న కిటికీ పక్కకు వంగి, "ఈసారి తాళం తిప్పి ఒక్క క్షణం అలాగే పట్టండి బాబా, పెట్రోల్ నిండనివ్వండి," అన్నాడు. దారిలో ఆ మాట విన్నాక బాబా మొదటిసారి ఆయన మొహంలోకి చూశాడు. తాళం తిప్పి పట్టుకున్నాడు.

రెండో మూలుగు సగంలో ఉండగానే ఎనిమిది సిలిండర్లూ ఒక్కసారిగా భగ్గుమని లేచాయి. కప్పులేని గదుల్లోంచి పావురాలు గుంపుగా ఎగిరాయి. ముల్లు ఆరు దగ్గరికి వచ్చి నిలబడింది.

బాబా నవ్వలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. సబ్రీన్ బండి చుట్టూ తిరిగి వచ్చి, తన లాండ్ క్రూయిజర్ తాళం పోశన్న చేతిలో పెట్టింది.

"కువైట్ ఆయనకు వద్దని చెప్పేస్తాను. మీ మిస్త్రీ ఎవరో, ఏ పంపు పెట్టారో సాయంత్రం నాకు రాసివ్వు. కొత్తవాడికి ఇవ్వాలి." ఎర్రబండి తలుపు తెరిచింది. "నా బండి వెనకాల తీసుకురా. నేను బాబాతో వస్తాను."

ఆమె పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. చిన్నప్పుడు ఎప్పుడో ఎక్కిందేమో, బెల్టు ఎక్కడుందో తెలియక వెతుక్కుంటుంటే బాబా వంగి చూపించాడు. ఎర్రబండి మట్టిదారి మీద దుమ్ము లేపుకుంటూ కదిలింది.

పోశన్న వెనకాల బయలుదేరాడు. ఇన్నేళ్ళలో ఆ బండి రోడ్డు మీద పోతుంటే ఆయన బయటినుంచి ఒక్కసారి కూడా చూడలేదు. ఎప్పుడూ లోపలే ఉన్నాడు, నడుపుతూనో, పక్కన కూర్చునో. వెనక భాగం అంత వెడల్పుగా, నేలకు అంత దగ్గరగా ఉంటుందని, పరుగు అందుకునేటప్పుడు ముందు భాగం కొంచెం పైకి లేస్తుందని, ఎండలో ఆ ఎరుపు దానిమ్మ గింజలా మెరుస్తుందని ఆయనకు ఇప్పుడే తెలిసింది. ఎర్రబండి వెనక అద్దంలోంచి రెండు తలలు కనిపిస్తున్నాయి. తెల్ల గుత్రా గుడ్డ కట్టిన తల ఏదో చెబుతోంది, నల్ల ముసుగు వేసుకున్న తల అటు తిరిగి వింటోంది. ఏం చెబుతున్నాడో ఇక్కడికి వినపడదు.

తారురోడ్డు వచ్చింది. ఎర్రబండి దూరం పెరుగుతోంది. పెద్ద బండి చేతిలో ఉంది, కాలు నొక్కితే చాలు, అందుకోవచ్చు. పోశన్న నొక్కలేదు. ముందు బండి హైవే మీదికి తిరగడానికి కుడి పక్క లైటు మిణుకు మిణుకుమనిపించింది. ఆయన కూడా కుడి లైటు వేశాడు.